ఏది ముందైతే అది!

బండి - బాగోగులు

కారులో చెప్పాపెట్టకుండా చేతులెత్తేసే భాగం టైమింగ్ బెల్టు. వేళకు మారిస్తే వేలతో పోయే ఖర్చు, తెగాక కొన్ని రెట్లవుతుంది. ‘మా కారు పెద్దగా తిరగలేదులే’ అనుకునేవాళ్లకీ ఈ ముప్పు తప్పదు.

కారుకి నోరు లేదు కానీ, కష్టమొస్తే చెప్పకుండా ఉండదు. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటుంది. క్లచ్ ప్లేటు కాలుతుంటే వాసనొస్తుంది. బ్యాటరీ నీరసిస్తే పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతుంది. ఇంజిన్ వేడెక్కితే ముల్లు ఎర్రగీత వైపు పరుగెడుతుంది. ఇలా దాదాపు ప్రతి భాగమూ పూర్తిగా మొరాయించే ముందు నాలుగు రోజుల గడువిస్తుంది. షెడ్డుకి తీసుకెళ్లడానికి ఆ గడువు చాలు.

ఆ గడువివ్వని భాగం ఒకటుంది. అదే టైమింగ్ బెల్టు. నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా తిరిగిన కారు, ఇవాళ హైవే మీద ఎనభైలో పోతూ పోతూ ఠక్కున ఆగిపోతుంది. పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు. మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ అందుకోదు. ఎలాగో బండిని షెడ్డుకి చేర్పిస్తే మెకానిక్కు కవరు విప్పి చూసి రెండే ముక్కలు చెబుతాడు. మొదటిది ‘బెల్టు తెగిందండీ’. రెండోది ‘హెడ్డు దించాలండీ’. మొదటి మాటకు వేలల్లో తేలిపోయే ఖర్చు, రెండో మాటతో ఒక్కసారిగా ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది.

రబ్బరు బెల్టుకి అంత బాధ్యతా?

ఇంజిన్‌లో ముఖ్యంగా రెండు ఇరుసులుంటాయి. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ తిప్పే కింది ఇరుసు క్రాంక్ షాఫ్ట్. గాలి లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వుల్ని తెరిచి మూసే పై ఇరుసు క్యామ్ షాఫ్ట్. కిందది రెండు చుట్లు తిరిగేసరికి పైది కచ్చితంగా ఒక్క చుట్టు తిరగాలి. ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. ఈ రెంటినీ ముడివేసి తాళం తప్పకుండా నడిపేదే పళ్లున్న ఆ రబ్బరు బెల్టు.

దాని పని ఎంతో ఒక్క లెక్కతో తెలుస్తుంది. హైవే మీద ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే, సెకనుకు యాభై చుట్లు. అంటే క్యామ్ షాఫ్ట్ పాతిక చుట్లు. ప్రతి వాల్వూ సెకనుకు పాతికసార్లు తెరుచుకుని మూసుకోవాలి. అదంతా ఈ బెల్టు లాగితేనే!

చాలామంది దీన్ని డైనమో బెల్టుతో కలిపేసుకుంటారు. బానెట్ ఎత్తగానే పక్కన కనిపించేది, వదులైతే కుయ్యిమని అరిచేది డైనమో బెల్టు. అది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, బండి ఎంతో కొంత దూరం పోతుంది. టైమింగ్ బెల్టు అలా కనిపించదు. ప్లాస్టిక్ కవరు వెనక దాక్కుని ఉంటుంది. ‘మొన్ననే బెల్టు మార్పించాం’ అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో కొన్నిట్లో మార్పించింది డైనమో బెల్టే.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. జర్మనీలో హాన్స్ గ్లాస్ అనే చిన్న కంపెనీ 1962లో మార్కెట్లోకి తెచ్చిన గ్లాస్ 1004 కారులో క్యామ్ షాఫ్ట్‌ని పళ్ల బెల్టుతో తిప్పింది. పెద్ద సంఖ్యలో అమ్మకానికి తయారైన కార్లలో ఈ పద్ధతికి అదే నాంది. 1966లో అమెరికాలో పాంటియాక్, ఇటలీలో ఫియట్ అదే దారి పట్టాయి. గొలుసు కన్నా బెల్టు తేలిక, చవక, చప్పుడు తక్కువ, నూనె పెట్టే పని లేదు. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800లో ఉన్నదీ బెల్టే. 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాల్లోనూ అదే. అంటే తెలుగిళ్ల ముందు నిలబడిన మొదటి తరం కార్లలో చాలావాటిని నడిపింది ఈ రబ్బరు పట్టీయే.

తెగితే ఏమవుతుంది?

బెల్టు తెగగానే పై ఇరుసు ఆగిపోతుంది. వాల్వులు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, కొన్ని తెరుచుకునే ఉంటాయి. కానీ బండి వేగానికి కింది ఇరుసు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్లు పైకి లేస్తూనే ఉంటాయి. తెరుచుకుని కిందికి వేలాడుతున్న వాల్వుకీ, పైకి దూసుకొచ్చే పిస్టన్‌కీ మధ్య చోటు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చోటుండేలా తయారైన ఇంజిన్లలో నష్టం ఉండదు, కొత్త బెల్టు వేస్తే బండి కదులుతుంది. చోటు లేని ఇంజిన్లలో పిస్టన్లు వాల్వుల్ని గుద్దేస్తాయి. వాల్వులు వంగిపోతాయి. దెబ్బ గట్టిగా తగిలితే వాల్వు గైడ్లు, పిస్టన్లు, ఒక్కోసారి హెడ్డు కూడా పోతాయి.

డీజిల్ ఇంజిన్లలో గాలిని బాగా ఇరుకున నొక్కాలి కాబట్టి పిస్టన్ దాదాపు హెడ్డును తాకేంత పైకి వస్తుంది. వాటిలో బెల్టు తెగితే వాల్వులు దక్కడం అరుదు. పెట్రోలు ఇంజిన్లలోనూ మైలేజీ, పవర్ రెండూ కావాలని తయారైనవాటిలో చాలావాటి పరిస్థితి అంతే.

ఇక బిల్లు. బెల్టు ధర అందులో చిన్న వంతు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సిలిండర్‌కి నాలుగు చొప్పున పదహారు వాల్వులుంటే, వంగినవన్నీ మార్చాలి. హెడ్డు దించితే గాస్కెట్ కొత్తది వేయాల్సిందే. చాలా ఇంజిన్లకు హెడ్ బోల్టులూ కొత్తవే కావాలి. హెడ్డుని లేత్ షాపుకి పంపి చదును చూపించాలి, వాల్వు సీట్లు కోయించాలి. ఆయిలు, కూలెంటు కొత్తవి పోయాలి. ఆపైన రోజుల తరబడి కూలి, బండిని లాక్కొచ్చిన ఖర్చు.

ఊరిని బట్టి, షెడ్డుని బట్టి ధరలు మారతాయి. అయినా స్థూలంగా ఓ అంచనా వేసుకోవచ్చు. చిన్న పెట్రోలు కారులో వేళకు బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనరు మార్పిస్తే కూలితో కలిపి మామూలుగా ఐదు నుంచి పది వేల రూపాయల్లో తేలిపోతుంది. పెద్ద డీజిల్ కార్లలో వాటర్ పంపుతో కలిపి పదిహేను, ఇరవై వేలు, కొన్నిట్లో ఇంకాస్త. అదే తెగాకైతే చిన్న కారుకే పాతిక, ముప్పై వేలు దాటిపోవడం మామూలు. డీజిల్‌కి లక్ష తాకినా ఆశ్చర్యం లేదు. పదేళ్లు దాటిన కారు విషయంలో ఆ బిల్లు ఒక్కోసారి కారు ధరకే దగ్గరగా వస్తుంది. బాగు చేయించాలా, వచ్చినకాడికి అమ్మేయాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. 

మరి ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవచ్చు. మామూలు సమగ్ర పాలసీ ప్రమాదానికీ, దొంగతనానికీ, వరదకీ అక్కరకొస్తుంది. యంత్రం దానంతటది పాడైతే వర్తించదని మినహాయింపుల్లో ఉంటుంది. బంపర్ టు బంపర్ అన్నా సరే, అరిగి తెగిన బెల్టు ఆ లెక్కలోకి రాదు.

కిలోమీటర్లు సరే... ఏళ్ల మాట?

బెల్టు ఎప్పుడు మార్చాలో కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో రాసుంటుంది. బండిని బట్టి 60,000 కిలోమీటర్లని, 80,000 అని, లక్ష అని ఉంటుంది. ఆ అంకె చాలామందికి నోటికి వచ్చు. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది. ఇన్నేళ్లు అని. ఆ తర్వాత ‘ఏది ముందైతే అది’ అన్న మూడు మాటలు. కొంప ముంచేది ఈ మూడు మాటల్ని చదవకపోవడమే.

ఓ ఉదాహరణ చూడండి. ఆదివారం గుడికీ, నెలకోసారి పక్క ఊళ్లో బంధువులింటికీ, పండక్కి సొంతూరికీ తప్ప కారు తీయని ఇల్లు. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకు మించదు. పదేళ్లకు మీటరు మీద 60,000. పుస్తకంలో 80,000 అని ఉంది కాబట్టి ఇంకా మూడేళ్లు ఢోకా లేదనుకుంటారు. కానీ ఐదారేళ్లు అన్న రెండో గడువు ఎప్పుడో దాటిపోయింది! అదే కారు ట్యాక్సీగా తిరిగితే ఏడాదిన్నరకే 80,000 దాటుతుంది. డ్రైవరు లెక్క ప్రకారం బెల్టు మార్పిస్తాడు. ట్యాక్సీ నిక్షేపంలా తిరుగుతుంటుంది, ఇంటిముందు తుడిచి కవరు కప్పిన కారు నడిరోడ్డు మీద ఆగుతుంది.

కారణం రబ్బరు గుణమే. బండి తిరిగినా తిరక్కపోయినా దాని వయసు ఆగదు. ఇంజిన్ వేడి, ఎండ వేడి, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. లోపల బలం కోసం పెట్టిన గాజు దారాలు ఒక్కొక్కటిగా నీరసిస్తాయి. వెనకటి బెల్టుల మీద పగుళ్లు కనిపించేవి. ఇప్పటి మెరుగైన రబ్బరుతో తయారైనవి పైకి కొత్తవాటిలా నిగనిగలాడుతూనే లోపల దారాలు తెగే దశకు చేరతాయి. అందుకే కవరు విప్పి చూసి ‘బానే ఉంది సార్, ఇంకో ఏడాది లాగించండి’ అనే సలహాకు విలువ లేదు. బెల్టు బాగోగులు చెప్పేది చూపు కాదు, తేదీ.

గడువు లోపే తెగితే?

పుస్తకంలో 80,000 అంటే 45,000కే తెగింది, వయసు కూడా మూడేళ్లే. ‘నాసిరకం బెల్టు’ అని తిట్టుకోవడం సహజం. నకిలీ బెల్టులు మార్కెట్లో ఉన్న మాట నిజమే కానీ, చాలాసార్లు దోషం బెల్టుది కాదు, దాని ఇరుగుపొరుగుది.

మొదటి పొరుగు ఆయిల్ సీల్. క్రాంక్, క్యామ్ ఇరుసుల చివర ఉండే సీళ్లు కారితే ఇంజిన్ ఆయిలు బెల్టు మీద పడుతుంది. ఆయిలు తాగిన రబ్బరు ఉబ్బి, పళ్లు మెత్తబడి ఊడిపోతాయి. రెండోది టెన్షనర్ బేరింగ్. అది అరిగితే బెల్టు ఓ పక్కకు జరిగి అంచులు చీలికలవుతాయి. మూడోది వాటర్ పంపు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల డీజిల్ ఇంజిన్లలో, డస్టర్‌లో వచ్చిన 1.5 లీటర్ల రెనో డీజిల్‌లో పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. పంపు బేరింగ్ పట్టేస్తే ఆగిపోయిన చక్రం మీద బెల్టు రాసుకుపోయి తెగుతుంది.

ఇక చేతి పని. బిగువు ఎక్కువైతే బెల్టు సన్నగా ఈలలా మోగుతూ త్వరగా అరుగుతుంది. తక్కువైతే ఓ పన్ను జారి, బండి లాగదు, లేదా ఆగిపోతుంది. వేయకముందే బెల్టును చేత్తో మెలిపెట్టినా, మడిచినా లోపలి గాజు దారాలు విరుగుతాయి. ఆ విరుపు పైకి కనిపించదు, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అక్కడే తెగుతుంది. విరిగిన కవరును అలాగే వదిలేసినా, దాని క్లిప్పులు పెట్టకపోయినా చిన్న రాయి లోపలికి దూరితే చాలు.

అందుకే తెగిన బెల్టును పారేయనివ్వకండి. అదే సాక్ష్యం. ఆయిలు తాగి ఉబ్బిందా? సీలు చూడాలి. అంచు చీలికలైందా? బేరింగ్ చూడాలి. వరసగా పళ్లు ఊడాయా? ఏదో చక్రం పట్టేసి ఉంటుంది. కత్తితో కోసినట్టు తెగిందా? మడిచి వేసి ఉండొచ్చు, లేదా మధ్యలో ఏదో పడి ఉండొచ్చు. అసలు కారణం పట్టుకోకుండా కొత్త బెల్టు వేస్తే అది కూడా పాతదాని దారే పడుతుంది.

డబ్బు తీసుకుని మార్చిన షెడ్డు పనిలోనే లోపముంటే ఆ నష్టాన్ని అడిగే హక్కు మీకుంది. అయితే జీఎస్టీ బిల్లు, పార్టుల పేర్లు, మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె, పాత బెల్టు దగ్గరుండాలి. ముందు రాతపూర్వకంగా అడగండి. తెమలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. బిల్లు లేకుండా వందో రెండొందలో మిగుల్చుకున్నవాళ్లకు ఈ దారి కష్టం.

పొదుపు ఎక్కడ, పీనాసితనం ఎక్కడ?

బెల్టు మార్చడంలో ఎక్కువ శ్రమ బెల్టును చేరుకోవడానికే. ఇంజిన్ మౌంటింగ్, పుల్లీ, కవర్లు విప్పాలి. అంతా విప్పాక రబ్బరు పట్టీ ఒక్కటి మార్చి, టెన్షనరు పాతదే ఉంచితే రెండు మూడు వేలు మిగలొచ్చు. ఏడాదికో, రెండేళ్లకో ఆ బేరింగ్ పోతే కొత్త బెల్టూ పోతుంది, అదే కూలి మళ్లీ కట్టాలి. అందుకే టెన్షనరు, ఐడ్లరు కలిపి కిట్‌గా వేయించడమే మేలు. పంపు టైమింగ్ బెల్టు మీదే నడుస్తుంటే అదీ అప్పుడే మార్పించాలి. కారుతున్న సీళ్లుంటే వాటి వంతు కూడా అప్పుడే. పంపు వేరే బెల్టు మీద నడిచే కార్లలో మాత్రం అది బాగున్నంతవరకు ముట్టుకోనక్కర్లేదు.

తొమ్మిది వేల రూపాయల పని ఐదేళ్లకు పంచితే నెలకు నూట యాభై. ఇంటికి వేయించుకునే పేపరు బిల్లు కన్నా తక్కువే!

గొలుసున్న కార్ల సంగతి

అన్ని కార్లలోనూ ఈ బెల్టు ఉండదు. మారుతీ కె-సిరీస్, హ్యుందాయ్ కప్పా పెట్రోలు ఇంజిన్లలో ఉన్నది ఇనప గొలుసు. స్విఫ్ట్, ఇండికా విస్టా లాంటి కార్లలో వచ్చిన ఫియట్ 1.3 లీటర్ల డీజిల్‌లోనూ అంతే. గొలుసుకి ప్రత్యేకంగా గడువుండదు. అలాగని చిరంజీవి కాదు. దాన్ని తడిపేది ఇంజిన్ ఆయిలే. ఆయిలు మార్చకుండా ఈడిస్తే గొలుసు సాగుతుంది. అయితే బెల్టుకి లేని సుగుణం దానికొకటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గలగలమని మోగి ముందే చెబుతుంది.

ఈ రెంటికీ మధ్య మూడో రకం వచ్చింది. నూనెలోనే మునిగి తిరిగే బెల్టు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో 2013లో మన దగ్గరికి వచ్చిన ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్‌లో ఉన్నది ఇదే. ఐరోపాలో ఈ ఇంజిన్ బెల్టుకి ఫోర్డ్ చెప్పిన గడువు పదేళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్లు. అంటే దాదాపు 2,40,000 కిలోమీటర్లు. కానీ అంతకు చాలా ముందే పాడైన బెల్టులపై ఫిర్యాదులొచ్చాయి. సరైన ఆయిలు పోయకపోయినా, వేళకు మార్చకపోయినా బెల్టు పొట్టు రాలి ఆయిలు జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు ఇంజిన్‌కి ఆయిలే అందదు. ప్యూజో, సిట్రోయెన్ కార్ల ప్యూర్‌టెక్ ఇంజిన్లలో ఇదే బాధ పెరగడంతో ఆ కంపెనీల మాతృసంస్థ స్టెల్లాంటిస్ 2024లో ఐరోపాలో వారంటీని పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచింది. 2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ సుమారు 1.39 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అక్కడ సమస్య టైమింగ్ బెల్టుది కాదు, నూనెలోనే తిరుగుతూ ఆయిల్ పంపును నడిపే మరో బెల్టు టెన్షనరుది. ఆ కార్లలో చెన్నై ఫ్యాక్టరీలో తయారై అమెరికా వెళ్లిన ఎకోస్పోర్ట్‌లూ ఉన్నాయి. ఇలాంటి ఇంజిన్లున్నవాళ్లు పుస్తకంలో చెప్పిన నంబరు ఆయిలే వాడాలి. అందులో రాజీ లేదు.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

‘సింగిల్ ఓనర్, డాక్టరుగారి బండి, 40,000 మాత్రమే తిరిగింది’ అంటే కొనేవాళ్లకు సంతోషం. టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం అది సంతోషం కాదు, ప్రశ్న. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అక్కణ్నుంచి ఎన్నేళ్లయిందో లెక్కేయండి. బెల్టు మార్చినట్టు బిల్లు చూపిస్తే సరే. ‘మార్చాం’ అన్న మాట ఒక్కటే ఉంటే మార్చనట్టే లెక్క. మీటరు వెనక్కి తిప్పడం తెలిసిన విద్యే కాబట్టి దాన్నీ నమ్మలేం. బేరమాడేటప్పుడే బెల్టు ఖర్చు తగ్గించి అడగండి. కొన్నాక తిరుపతికో, శ్రీశైలానికో తీసే ముందు బండిని షెడ్డుకి తీయండి.

దారిలో ఆగిపోతే...

బెల్టు తెగితే డబ్బు నష్టం సరే, ప్రాణం ముఖ్యం. ఇంజిన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్ల వరకు మామూలుగానే పనిచేసి తర్వాత గట్టిపడుతుంది. కాబట్టి మాటిమాటికీ తొక్కి వదలకుండా, ఒక్కసారే నిలకడగా తొక్కాలి. బండి కదులుతుండగా తాళం చెవి తీయకూడదు, స్టీరింగ్ లాకయిపోతుంది. నాలుగు ఇండికేటర్లూ వేసి ఎడమకు తీయండి. పిల్లల్నీ పెద్దల్నీ దింపి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి.

ఆ తర్వాత ఒక్కసారి సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎప్పుడూ లేనంత తేలిగ్గా, బరువు లేనట్టు గిర్రున తిరిగితే అనుమానం బెల్టు మీదే. ఇక మళ్లీ కొట్టొద్దు. గేర్లో వేసి తోయించొద్దు. మిగిలిన వాల్వులు కూడా వంగేది అప్పుడే. లాక్కెళ్లే బండిని పిలవండి.

డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా తీయని ఆ పుస్తకాన్ని బయటికి తీయండి. మీ బండిది బెల్టో, గొలుసో చూడండి. బెల్టయితే ఎన్ని కిలోమీటర్లన్నారో, ఎన్నేళ్లన్నారో రెండూ చదవండి. అందులో లేకపోతే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి బండి నంబరు చెప్పి అడగండి. బెల్టు మార్పించిన రోజు తేదీ, మీటరు అంకె చిన్న కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. రేపు ఆ కారు నడిపేది మీ అబ్బాయో, అమ్మాయో, లేదా మీ దగ్గర కొనుక్కునే మరో కుటుంబమో... బెల్టు ఎలాగూ చెప్పదు కాబట్టి, వాళ్లకు ఆ కాగితమైనా చెబుతుంది.